బేస్తవారం నీళ్లు

ఉరుకుందు చేతికి ఎముక లేదని పేటంతా చెప్పుకునేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా అతనికి తనివి తీరేది కాదు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడుతోందన్న మాట మాత్రం చెవికి సరిగ్గా ఎక్కేది కాదు.

అతను పత్తి మిల్లులో బేళ్లు మోసే హమాలీ. శనివారం సాయంత్రం బట్వాడా. వారం కూలి చేతిలో పడేసరికి మనిషి రెండంగుళాలు పెరిగేవాడు. తోటి హమాలీలందరికీ టీలు, మిరపకాయ బజ్జీలు. మిల్లు గేటు దగ్గర కూర్చునే చూపులేని ముసలాయనకి వంద. ఎవరి బిడ్డకో జ్వరమంటే రెండు వందలు. ఆదివారం కోడికూర, ఆ కూర తినడానికి ఎవరో ఒకరు. సోమవారానికి జేబు పలచబడేది. బుధవారానికి ఖాళీ. బేస్తవారం, అదే గురువారం, ఆ ఇంట్లో పొయ్యి వెలిగితే వెలిగినట్టు, లేకపోతే లేదు.

"దేవుడుండాడులే" అనేవాడు భార్యతో.

సుంకమ్మ పదిహేనేళ్లుగా ఆ మాట వింటూనే ఉంది. మొదట్లో నమ్మింది, తర్వాత పోట్లాడింది. ఈ మాటు, శివరాత్రి పోయాక వచ్చిన శుక్రవారం నాడు, అరవనూ లేదు, ఏడవనూ లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"గుంటూరు దిక్కు మిరపకాయల కోతకి లారీ పోతాందంట. ఇయ్యాల్టికి సరిగ్గా రెండు వారాలకి. మేస్త్రీకి మా ఇద్దరి పేర్లు చెప్పినా" అంది తలకి నూనె రాసుకుంటూ.

"ఇద్దరంటే?"

"నేను, పల్లవి."

పల్లవి తొమ్మిదో తరగతి. వచ్చే నెలలో పరీక్షలు. కోతకి పోయిన పిల్లలు తిరిగొచ్చి బడి గడప తొక్కడం ఆ పేటలో ఎవరూ చూడలేదు.

"దాని చదువో?"

"బేస్తవారం కడుపుకి లేకుంటే చదువేం తలకెక్కుతాది? ఆడ రోజు కూలి రోజిస్తారు. రోజూ రెండు పూటలు తింటాం" అంది సుంకమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. లెక్క చూసుకున్న మనిషి గొంతు అది.

ఉరుకుందు అప్పటికప్పుడు హుసేనప్ప తాత దగ్గరికి పోయాడు.

తాత దూదేకులాయన. డెబ్బై దాటినా ఇంకా పరుపులు కుట్టుకునే బతుకుతున్నాడు. ఊరి చివర రోడ్డు పక్కన ఆయన తకియా ఉంది. తకియా అంటే పెద్దదేమీ కాదు. ఒక రేకుల పంచ, ఒక చిన్న గది, గోడవారగా నీళ్ల బానలు. అక్కడ కూర్చోవడానికి కులమేమిటని గానీ మతమేమిటని గానీ ఎవరూ అడగరు. నాలుగు మంచి మాటలు విందామని పోయినవాళ్లకి తాత దూది ఏకుతూ కనిపిస్తాడు. చాలాసేపటికి ఒక మాట అంటాడు. రెండో మాట కావాలంటే మర్నాడు రావాలి.

ఆరేళ్ల కిందట ఉరుకుందు సారా మానింది ఆ ఒక్కొక్క మాటతోనే. అప్పట్లో తాత ఇంకొకటి కూడా చెప్పాడు. "నువ్వు తినేముందు ఎదుటోని వాటా తీసిపెట్టు" అన్నాడు. ఉరుకుందు ఆ మాటని మెడలో తాయెత్తులా కట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకేమీ వినలేదు.

"తాతా, నువ్వు చెప్పినట్టే చేస్తాండా. నా పెండ్లాం బిడ్డల కంటే ముందు ఎదుటోనికే పెడ్తాండా. ఎవురినీ లేదనలేదు. మరి దేవుడు నాకెందుకు తిరిగియ్యడు? నా నమ్మకంలో ఏమన్నా లోటుండాదా?"

ఆ చివరి ప్రశ్న అడిగాడే గానీ, లోటుందని తాత అంటాడని అతను కలలో కూడా అనుకోలేదు. నిజానికి దేవుడి మీద చాడీ చెప్పడానికి వచ్చాడు.

తాత దూది మీద నుంచి చెయ్యి తీయలేదు. లారీ సంగతి, పల్లవి సంగతి అంతా విన్నాడు. విని, "రేపు కొళాయి వచ్చే దినం" అన్నాడు. "నా మోకాళ్లు సహకరించడం లేదప్పా. ఒక్క వారం ఈ నీళ్ల పని నువ్వు చూడు."

ఉరుకుందు తెల్లబోయాడు. తన బిడ్డ చదువు గురించి అడిగితే ఈయన మోకాళ్ల గురించి చెబుతాడేమిటి? అయినా తాతతో వాదన పెట్టుకోలేదు.

ఆ పేటకి కొళాయి వారానికోసారి. శనివారం పొద్దున గంటసేపు. తకియా గోడవారగా ఉన్న ఏడు బానలు ఆ గంటలో నింపుకోవాలి. వారమంతా తాత తాగడానికి, వండుకోవడానికి, ఐదుపూటలా నమాజుకి ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవడానికి ఆ నీళ్లే. పంచ ముందర ముక్కాలిపీట మీద బాటసారుల కోసం పెట్టిన కుండలోకీ ఆ నీళ్లే.

"ఎట్ల చూడమంటావు తాతా?"

"గుక్కెడు నీళ్లు అడిగినోన్ని లేదనగూడదు. అంతే."

ఉరుకుందు లోలోపల నవ్వుకున్నాడు. లేదనకపోవడం తనకొకరు నేర్పాలా?

శనివారం ఏడు బానలూ అంచుదాకా నిండాయి. ఆ రోజు ఊళ్లో సంత. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సంతకి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు తకియా ముందు ఆగారు. మిల్లుకి పోయేముందు, మళ్లీ సాయంత్రం వచ్చాక, ఉరుకుందు దగ్గరుండి మరీ పోశాడు. గ్లాసు చాపినవాడికి చెంబు ఇచ్చాడు. చెంబు అడిగినవాడికి సీసాలు నింపి ఇచ్చాడు. కాళ్లు కడుక్కుంటానన్నవాడికి బకెట్టు ముందు పెట్టాడు. ఒకాయన ఎద్దులకి తాపించాడు. ఒక ఆటో అబ్బాయి మొహమాటపడుతూనే ఆటో కడుక్కున్నాడు. పక్క సందులో పెళ్లివారు రెండు బిందెలు పట్టుకుపోయారు.

"నీ చెయ్యి సల్లగుండ నాయనా" అంది పెళ్లికొడుకు తల్లి.

ఉరుకుందు తాత వైపు చూశాడు. తాత సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు. ఆ సాయంత్రం బట్వాడా డబ్బులు కూడా ఎప్పటి దారిలోనే పోయాయి.

ఆదివారానికి నాలుగు బానలు మిగిలాయి. సోమవారానికి మూడు. మంగళవారం సాయంత్రం ఉరుకుందు చివరి బాన మూత తీసి చూసి, కొంచెం గొంతు సవరించుకున్నాడు. బుధవారం మధ్యాహ్నానికి అది కూడా అయిపోయింది. గదిలో తాత తాగే ముంత ఒకటి, నమాజుకి వాడుకునే చెంబు ఒకటి, ఆ రెండింట్లో ఉన్న నీళ్లతోనే సర్దుకున్నాడు.

బేస్తవారం మిల్లుకి పత్తి బండ్లు రాలేదు. మధ్యాహ్నమే వదిలేశారు. ఇంటికి పోతే ఆరిన పొయ్యి చూడాలని ఉరుకుందు తకియాకి వచ్చి కూర్చున్నాడు.

ఎండ కాస్త వాలాక రోడ్డు మీద ఒక ముసలామె, ఒక ఆడపిల్ల వచ్చారు. ముసలామె నెత్తిన మూట. పిల్ల భుజాన బడిసంచి. వాళ్లు పంచ దగ్గర ఆగారు. పిల్ల కుండ మీది మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసింది.

"నీళ్లుండాయా నాయనా? పొద్దున్నించి నడుస్తాండాం" అంది ముసలామె.

పుట్టి బుద్ధెరిగాక ఉరుకుందు ఎవరికీ లేదని చెప్పలేదు. ఆ మాట ఎలా పలకాలో కూడా తెలియనట్టు నిలబడిపోయాడు.

అంతలో తాత గదిలోంచి వచ్చాడు. ఒక చేతిలో ముంత, ఒక చేతిలో చెంబు. ముంత ముసలామెకి ఇచ్చాడు. చెంబు పిల్లకి ఇచ్చాడు. పిల్ల గటగటా తాగింది. తాగుతున్నంతసేపూ ఉరుకుందు ఆ సంచి వైపే చూశాడు. సగం తెరిచిన జిప్పులోంచి ఒక స్టీలు పళ్లెం, మడత పెట్టిన లంగా కనపడుతున్నాయి. పుస్తకాలు లేవు.

"యాడికి పోతాండారు?" అని అడిగాడు.

"మిరప కోతకి. బస్టాండుకాడికి ఈ రాత్రికే లారీ వస్తాదంట."

"ఏం చదువుతాండావమ్మా?"

"తొమ్మిది. చదువుతాంటి" అంది ఆ పిల్ల. పోయినేడాది ముచ్చట చెప్పినంత మామూలుగా అంది. మూతి తుడుచుకుని, చెంబు తాత చేతికిచ్చి, అవ్వ వెనకాల నడిచిపోయింది.

వాళ్లు మలుపు తిరిగేదాకా ఉరుకుందు చూస్తూనే ఉన్నాడు.

ఎండ వాలాక చేసే అసర్ నమాజు వేళయింది. తాత చెంబు వంచి చూశాడు. చుక్క లేదు. ఆయన పంచ దిగి, ఎవరూ తొక్కని చోటు చూసుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. రెండు అరచేతులూ మట్టికి ఆనించాడు. దులిపి ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ ఆనించి చేతులు తుడుచుకున్నాడు. నీళ్లు దొరకనప్పుడు మట్టితోనే శుద్ధి కావచ్చని వాళ్ల పద్ధతి. ఆ దుమ్ము చేతులతోనే లేచి నమాజుకి నిలబడ్డాడు. ఆయన పెదవులు ఎండి చిట్లి ఉండడం ఉరుకుందు అప్పుడు చూశాడు.

చూసి అక్కడ నిలవలేకపోయాడు. బిందె పట్టుకుని సందులోకి పరిగెత్తాడు. పెళ్లింటివాళ్లు, "మాకే లేవప్పా, రేపు కాదు ఎల్లుండి గదా కొళాయి" అన్నారు. ఆటో అబ్బాయి ఇంటికి తాళం. నీళ్ల క్యాను కొందామంటే జేబులో పైసా లేదు. అది బేస్తవారం మరి. ఆఖరికి ఎప్పుడూ తకియాలో నీళ్లు పట్టుకోని ఒక బీడీలు చుట్టే ఆమె అర బిందె పోసింది. దాన్ని భుజాన పెట్టుకుని వచ్చేసరికి తాత నమాజు అయిపోయింది.

ఉరుకుందు ముంత నింపి ఇచ్చాడు.

"నువ్వు చెప్పినట్టే చేసినా తాతా. వచ్చినోళ్లు దేవుడు పంపినోళ్లని ఎవురినీ లేదనలేదు."

తాత రెండు గుక్కలు తాగి ముంత కింద పెట్టాడు.

"ఇయ్యాల వచ్చినోళ్లు గూడా ఆయన పంపినోళ్లేనప్పా" అన్నాడు.

ఆ సాయంత్రం ఉరుకుందు ఇంటికి పోయేసరికి సుంకమ్మ గడపలో కూర్చుని ఉంది. పల్లవి లోపల ఏదో లెక్క చేసుకుంటోంది. పక్కన గంజి తాగిన గిన్నె.

"నువ్వు తిన్నావా?" అని అడిగాడు.

"పంటి నొప్పి" అంది సుంకమ్మ.

ఉరుకుందు ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమెకి ప్రతి బేస్తవారం పంటి నొప్పి వస్తుందని, పదిహేనేళ్లలో ఆ పన్ను ఎవరికీ చూపించుకోలేదని అతనికి ఆ పూట తట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. తను శనివారం నాడు చేసిన ధర్మాలన్నీ ఎవరి కంచంలోంచి తీసి చేశాడో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మళ్లీ శనివారం వచ్చింది. కొళాయి వచ్చింది. ఉరుకుందు అందరికంటే ముందు బాటసారుల కుండ నింపాడు. తర్వాత ఏడు బానలు నింపి, ఒక్కటి తప్ప మిగతా ఆరింటి మూతుల మీద గుడ్డ కప్పి తాడు బిగించి ముడేశాడు. ఎద్దులాయన వస్తే, "తాగడానికి నీకు ఇస్తానన్నా, ఎద్దుల్ని చెరువుకి తోలుకుపో" అని దండం పెట్టి చెప్పాడు. ఆ మాట అంటుంటే చెవులు ఎర్రబడ్డాయి. ఎద్దులాయన ఏమీ అనుకోలేదు. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని పోయాడు. లేదని చెబితే లోకం తలకిందులవుతుందని ఇన్నాళ్లూ భయపడింది ఒక్క ఉరుకుందే.

తాత పిలిచి అతని చేతిలో గుడ్డసంచులు కొన్ని పెట్టాడు. పరుపులు కుట్టగా మిగిలిన చారల గుడ్డతో, మూతికి దారం పెట్టి కుట్టినవి. ఎనిమిది ఉన్నాయి. ఏడు ఒకటే కొలత. ఒకటి మాత్రం మరీ చిన్నది.

"దినానికొకటి" అన్నాడు తాత.

"ఈ చిన్నది?"

"నువ్వు తీసిపెట్టేది."

ఉరుకుందు ఎనిమిదీ చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "ముందు ఏది నింపల్ల తాతా?"

"చిన్నది."

ఆ సాయంత్రం బట్వాడా అయ్యాక హమాలీలు మిల్లు గేటు దగ్గర ఎప్పట్లాగే నిలబడ్డారు. "ఏం ధర్మరాజా, ఇయ్యాల బజ్జీలు లేవా?" అన్నాడొకడు. "తాత నిన్ను పిసినారిని చేసినాడా ఏంది?" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. ఉరుకుందు వీపు మీద రెండు బేళ్లు పెట్టినా అంత బరువు అనిపించేది కాదు. గేటు నుంచి ఇంటిదాకా నడవడం ఆ ఒక్కరోజే కష్టమైంది.

ఇంట్లో చాప మీద డబ్బంతా పోసి, పక్కన సంచులు పెట్టాడు.

"ఇదేం కొత్త వేషం?" అంది సుంకమ్మ.

"నువ్వు పంచు. నాకు చేతగాదు."

సుంకమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఇంటి బాడుగ ఎలాగూ ఆమె పత్తి ఏరిన కూలితో గడిచిపోతుంది. తిండికి, కూరానారకి, పిల్ల ఖర్చుకి ఈ డబ్బే. ముందు చిన్న సంచిలో నలభై రూపాయలు వేయించాడు. తర్వాత ఆమె ఏడు సంచులూ నింపింది. ఏడింట్లోనూ సమానంగా వేస్తుందనుకున్నాడు. ఆమె ఆదివారం సంచిలో తగ్గించి బేస్తవారం సంచిలో యాభై ఎక్కువ వేసింది. ఎందుకని అతను అడగలేదు. ఏడింటికీ ముళ్లు వేసి గోడమేకుకి వరసగా తగిలించింది.

"చూద్దాం" అంది. అంతకంటే ఎక్కువ అనలేదు.

ఆ వారం తేలిగ్గా గడవలేదు. ఆదివారం కోడికూర లేదు, చుట్టాలు లేరు. మంగళవారం ఉరుకుందు రెండుసార్లు గోడమేకు దాకా పోయి, పల్లవి చూస్తుంటే వెనక్కి తిరిగి వచ్చాడు. బుధవారం తోటి హమాలీ లింగన్న మందులకని రెండు వందలు అడిగాడు. ఉరుకుందు చిన్న సంచి విప్పి, ఉన్న నలభై అతని చేతిలో పెట్టాడు. "ఇంతే ఉండాదన్నా" అన్నాడు. లింగన్న ఆ నలభై వైపు, అతని ముఖం వైపు చూసి, "మాత్రలకి సాలుతాయిలే" అని పోయాడు.

బేస్తవారం పొద్దున మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. "సుంకక్కా, రేపు ఆరింటికి లారీ. మూటలు కట్టుకున్న్యారా?"

సుంకమ్మ గోడమేకు దగ్గరికి పోయి బేస్తవారం సంచి తీసింది. ముడి విప్పి డబ్బు అరచేతిలో పోసుకుంది. ఆమె నోట్లు విప్పి ఒకటికి రెండుసార్లు చూసుకుంది. అందులోంచి కొంత తీసి పల్లవి చేతిలో పెట్టి, "పోయి రెండు కిలోల బియ్యం, పప్పు తే. బడికి తినేసి పోదువు" అంది. పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

అప్పుడు మేస్త్రీ వైపు తిరిగింది.

"మా పేర్లు కొట్టేయన్నా. దానికి పరీక్షలుండాయి."

మేస్త్రీ గొణుక్కుంటూ పోయాడు. ఉరుకుందు ఏదో అనబోయాడు. సుంకమ్మ వేలు చూపించి ఆపింది. "ఈ వారానికి చెప్పినా. పైవారం సంగతి పైవారం చూస్తా" అంది. అని పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోసింది. ఆ రోజు ఆమెకి పంటి నొప్పి రాలేదు.

శుక్రవారం పొద్దున లారీ వెళ్లిపోయింది. వెనక నిలబడ్డ జనంలో పల్లవి ఈడు పిల్లలు కనపడ్డారు. ఉరుకుందు వాళ్లని చూస్తూ తకియాకి పోయాడు. తాత పరుపుకి అంచు కుడుతున్నాడు. ఉరుకుందు జరిగిందంతా చెప్పాడు. చెప్పాక కూడా లేవలేదు.

"ఇంకేంది?" అన్నాడు తాత.

"మనసులో ఒకటి పీకుతాంది తాతా. ఇన్నాళ్లూ ఏమీ తెలీకున్నా దేవునికి కుప్పలుగా పెట్టినా. ఇప్పుడు ఆయనకి నలభై రూపాయలే. మిగిలిందంతా నేనూ నా పెండ్లాం బిడ్డా తింటిమి. పెద్ద సంచులు ఏడూ మేము తీసుకుని, చిన్నది దేవునికిస్తే న్యాయమా?"

తాత సూది ఆపాడు. చాన్నాళ్లకి ఆయన పళ్లు బయటపడేలా నవ్వాడు.

"ఏడు సంచులు నీవని ఎవురు చెప్పినారప్పా?" అన్నాడు. "ఎనిమిదీ ఆయనవే."